సాక్సోఫోన్ సృష్టికర్త అడాల్ఫ్ సాక్స్

పెళ్ళి ఊరేగింపులలో బాండుమేళం వారి చేతుల్లో వంకర తిరిగిన ఇత్తడి వాద్యాన్ని మనమందరం చూసే ఉంటాము. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) గారు దానిపైనే కర్ణాటక సంగీతం పలికించి పేరు తెచ్చుకున్నారు. ఆ సాక్సోఫోన్ పేరులోని సాక్స్ ఒక మనిషి ఇంటిపేరు. వాద్యం ఎంత ప్రసిద్ధి పొందిందో, దానిని చేసిన మనిషి అంత కష్టాలు పడ్డారు.

అడాల్ఫ్ సాక్స్ 1814 నవంబరు 6న నేటి బెల్జియంలోని డినాంట్ పట్టణంలో జన్మించారు. తండ్రి కూడా వాద్యాలు తయారు చేసేవారే. ఆయన వద్దనే పని నేర్చి, 1842లో పారిస్ చేరి, స్వల్ప పెట్టుబడితో సొంత కార్ఖానా పెట్టారు.

ఆ రోజుల్లో సైనిక బాండులలో ఇత్తడి బూరాల ధాటికి కర్రవాద్యాల నాదం సరిగా వినబడేది కాదు. సాక్స్ క్లారినెట్‌కు ఉండే ఒంటి రీడును, పోనుపోను వెడల్పయ్యే ఇత్తడి గొట్టానికి అమర్చి, రెంటికీ మధ్యస్థమైన నాదం సాధించారు. 1846లో పేటెంటు పొందారు.

ఇటువంటి సరుకు ఇంటింటా అమ్ముడుపోయేది కాదు. కొనే పెద్ద ఖాతాదారు సైన్యమే. 1845 ఏప్రిల్ 22న పారిస్ మైదానంలో పాత పద్ధతి బాండుకూ, సాక్స్ వాద్యాల బాండుకూ బహిరంగంగా పోటీ జరిగింది. సాక్స్ బాండు గెలిచింది. ప్రభుత్వం ఆయన వాద్యాలను సైనిక బాండులలో చేర్చింది. దానితో పాత తయారీదారులు ఏకమై పేటెంట్ల రద్దుకు దావాలు వేశారు. తన వాద్యాలను అనుకరించిన వారిపై ఆయనా దావాలు వేశారు. సంపాదనలో చాలా భాగం కోర్టుల పాలయింది. 1848 విప్లవంలో రాజు పదవి పోయింది, ఆ ఉత్తర్వూ రద్దయింది. 1852లో సాక్స్ దివాలా తీశారు.

అయినా కార్ఖానా వదలలేదు. పెదవిపై కణితి లేచి కొన్నేళ్ళు బాధించినా కోలుకున్నారు. 1857 నుండి పారిస్ సంగీత కళాశాలలో సైనిక విద్యార్థులకు సాక్సోఫోన్ నేర్పారు. 1870 యుద్ధంతో ఆ తరగతీ పోయింది. అప్పటికే, 1866లో పేటెంటు గడువు తీరి, ఎవరైనా ఆ వాద్యం చేసి అమ్ముకునే వీలు కలిగింది. 1873లో, 1877లో మళ్ళీ దివాలా. ప్రాణప్రదంగా సేకరించుకున్న వాద్యాలు సైతం వేలంలో పోయాయి.

వృద్ధాప్యంలో షాబ్రియే మొదలైన సంగీతకారులు ప్రభుత్వానికి విన్నవించగా, ఆయనకు చిన్న పింఛను మంజూరయింది. 1894 ఫిబ్రవరి 7న పారిస్‌లోనే కన్నుమూశారు. కొడుకు నడిపిన ఆ సంస్థను 1929లో సెల్మర్ కంపెనీ కొన్నది. అప్పటికి అమెరికా జాజ్ సంగీతం ద్వారా సాక్సోఫోన్ ప్రపంచమంతా వ్యాపించింది.

సరుకు మంచిదైతే చాలదనీ, ఒకే ఖాతాదారును నమ్ముకున్న చిన్న వ్యాపారం ఆ ఒక్కరితోపాటే కూలుతుందనీ ఈ జీవితం తెలుపుతుంది. ఆ చిన్న పింఛను దయతో వేసిన భిక్ష కాదు, జీవితమంతా చేసిన పనికి ఆలస్యంగా అందిన ప్రతిఫలం. ఆ మాట విలువ పింఛనుదారులమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.