పేరులేని గోతులు: మెడోస్ టెయిలరు జీవితము

సంగారెడ్డి నుండి బయలుదేరి జోగిపేట, నారాయణఖేడు ప్రాంతములను దాటి, మద్నూరు, దెగ్లూరుల మీదుగా నాందేడు చేరి, అచటినుండి హింగోలి మీదుగా అకోలాకు పోవు బాట నేడు 161వ నంబరు జాతీయ రహదారి. రెండువందల యేండ్ల క్రిందట ఈ సీమలో బాటసారి యొకడు ఇల్లు విడచి వెళ్లి తిరిగి రాకపోయినచో, అతడేమయ్యెనో విచారించు నాథుడు లేడు. నారాయణఖేడు తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వరకు బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో మెదకు జిల్లాకు వచ్చి, నేడు సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ మూడును కలియు ఈ సీమ అంతయు నాడు నిజాము రాజ్యము. ఆ రాజ్యపు నైరుతి భాగమున, ఇరువది యేండ్లు సరిగా నిండని ఆంగ్ల యువకుడొకడు పోలీసు అధికారియై శవములు దొరికియు హంతకులు దొరకని వింతను చూచెను. కొన్ని యేండ్లకు హింగోలిలో హంతకులే ముందు నడచి శవములను చూపిన మరియొక వింతను చూచెను. అతడే ఫిలిప్ మెడోస్ టెయిలరు.

టెయిలరు 1808 సెప్టెంబరు 25న లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు, వ్యాపారము చెడి కుటుంబము చితికినది. పదునైదవ యేట, 1824లో, బొంబాయిలోని యొక వర్తకుని కొట్టులో పనికని కుఱ్ఱవానిని ఓడ యెక్కించిరి. తీరా వచ్చి చూచునప్పటికి ఆ వర్తకుడే అప్పులలో మునిగియుండెను. బంధువొకడు పూనుకొని నిజాము సైన్యమున చిన్న ఉద్యోగమిప్పించెను. ఆనాటి దొరల పిల్లలలో పెక్కుమంది వేటలతోను విందులతోను ప్రొద్దుపుచ్చగా, ఇతడు హిందుస్తానీ, మరాఠీ నేర్చుకొనెను. భాష వచ్చినవాడు గనుకనే 1827 ప్రాంతమున నైరుతి సీమకు పోలీసు అధికారిగా ఇతనిని పంపిరి. తుల్జాపురము మొదలగు యాత్రాస్థలములు, సంతలు, రహదారులు ఇతని అధీనములోనికి వచ్చెను.

ఆ రోజులలోనే బాటల ప్రక్కన శవములు కనబడసాగెను. ఒంటిపై కత్తిగాటు లేదు. మెడ బిగించి చంపిన గుర్తులు మాత్రమున్నవి. ఆ ముఖములను ఎఱిగినవారు చుట్టుప్రక్కల గ్రామములలో నొక్కరును లేరు. కొన్నిచోట్ల క్రొత్తగా పూడ్చిన గోతులను నక్కలు త్రవ్వివేయగా సగము తినిన కళేబరములు బయటపడెను. పల్లెవారు కట్టెలు పుచ్చుకొని బాటలకు కాపలా కాచిరి, ఎవరును పట్టుబడలేదు. హత్య జరిగినదనుటకు సందేహము లేదు. కాని చచ్చినవాడెవడు? ఎచటినుండి వచ్చెను? ఎవరితో కలిసి నడచెను? ఈ మూడింటిలో నొక్కటియు తెలియనప్పుడు చంపినవానిని వెదకుట యెట్లు? టెయిలరు ఊరూర విచారించి, కొందరిపై అనుమానము కలిగి, జాడ తీయుచుండగా అతని పని మధ్యలో నిలిచిపోయెను. 1829లో సికందరుజా మరణించి నాసిరుద్దౌలా నిజామయ్యెను. తన రాజ్యమున పరిపాలన చేయు ఆంగ్లాధికారులను తొలగింపవలెనని క్రొత్త నిజాము కోరెను. టెయిలరు తిరిగి పటాలములో చేరవలసి వచ్చెను. మరికొంతకాలము అచట నిలువనిచ్చియుండినచో గుట్టు తన చేతనే బయటపడెడిదని అతనికి కడవరకు బాధయే.

ఆ గుట్టు పేరు థగ్గులు. వారు పదిమంది, ఇరువదిమంది, ఒక్కొక్కప్పుడు నూరుమంది ముఠాలుగా బయలుదేరి, వర్తకులవలెనో సిపాయిలవలెనో నటించి, దారిలో తోడు కోరు బాటసారులను మంచి మాటలతో కలుపుకొనెడివారు. తగిన చోట సంజ్ఞ కాగానే రుమాలు మెడకు పడును. నెత్తురు చిందదు, కేక వినబడదు. గోయి ముందే సిద్ధముగా నుండును. ముఠాలో మాటలతో మరపించువాడొకడు, మెడ బిగించువాడొకడు, గోయి త్రవ్వువాడొకడుగా పనులు పంచుకొనియుండిరి. త్రవ్వుగోల వారికి పూజనీయము. శవము ఉబ్బి మన్ను పైకి లేవకుండ దానిని కోసి పూడ్చెడివారు. కుక్కలు, నక్కలు రాకుండ ఇసుబుగోలు గింజలు చల్లి, పైన ముళ్లకంప వేసి, అచటనే వంట చేసి పొయ్యి బూడిద మిగిల్చి పోయెడివారు. మరునాడు చూచినవారికి అది బాటసారుల మజిలీ, అంతే. ఇందులో నేర్పంతయు చంపుటలో లేదు, దాచుటలో నున్నది.

వారికి మరియొక దాపరికము దేశకాలములే యిచ్చెను. కాశికి పోవువాడు ఏడాదికి వచ్చిన వచ్చినట్లు. సెలవుపై పోయిన సిపాయి రాకపోయినచో పటాలమువారు పారిపోయినాడని వ్రాసికొందురు, ఇంటివారు సెలవు దొరకలేదనుకొందురు. ఇట్లు రెండు చోట్ల రెండు కారణములు చెప్పుకొనుచుండగా మనిషి మధ్యలో మాయమై యుండెడివాడు. మన యేనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడచి హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి పోయినప్పుడు నూరుమంది వరకు పరివారము వెంట నుండెను. అంత గుంపు కట్టగల భాగ్యము అందరికి నుండదు గదా! నలుగురైదుగురు చిన్న మూటలతో పోవు కోమట్లు, బైరాగులు, సొమ్ము మోసికొనిపోవు నౌకరులు, వీరే థగ్గుల వాత పడినవారు.

ముడి విప్పినవాడు విలియం స్లీమన్. అతడు జబ్బలపూరు ప్రాంతమున పని చేయుచు, 1830 చివర చిక్కిన ఫిరంగియా అను ముఠానాయకుని అప్రూవరుగా మార్చెను. ఫిరంగియా సలోహదా అను గ్రామపు మామిడితోపులోనికి తీసికొనిపోయి గోతులను చూపగా, త్రవ్వినచోట నెల్ల అస్థిపంజరములు బయటపడెను. అటుపైని ఒకని వాఙ్మూలము పదిమందిని పట్టించెను. ఆ పదిమందిలో మరి ముగ్గురు అప్రూవరులైరి. 1832 నాటికి ఈ వల నిజాము రాజ్యమునకు వ్యాపించెను.

టెయిలరు అప్పుడు హింగోలి కంటోన్మెంటులో నుండెను. అప్రూవరుల వాఙ్మూలములు సేకరింపవలసిరాగా తానై ముందుకు వచ్చి ఆ భారమును వహించెను. హింగోలి బజారున హరిసింగను పేరుగల వర్తకుడుండెను. టెయిలరుతో సహా దొరలెందరో అతనియొద్ద సరకు కొన్నవారే. ఒకప్పుడు అతడు బొంబాయి నుండి బట్టలు తెచ్చుటకని రహదారి చీటి తీసికొని బయలుదేరి, నిజముగా సరకుతో వచ్చుచున్న వేరొక వర్తకుని దారిలో చంపి, ఆ బట్టలనే తెచ్చి కంటోన్మెంటులో బాహాటముగా అమ్ముకొనెను. ఆ పెద్దమనిషి థగ్గుల నాయకుడని వాఙ్మూలములలో తేలినప్పుడు దొరలకు నోట మాట రాలేదు.

అంతకన్న దారుణము గోతుల సంగతి. కంటోన్మెంటు పహరాకు సుమారు అయిదువందల గజముల దూరమున, పొరుగూరి బాట ప్రక్కనే, కాలువవంటి యొక యెండిన వాగున్నది. అప్రూవరులు అచట నిలిచి, ఏ మాత్రమును చలింపక, ఇచట నింతమంది, అచట నింతమంది అని వ్రేలుతో చూపిరి. త్రవ్వుచు పోగా ఒక్కొక్క గోతినుండి పలువురి శవములు వెలువడెను. టెయిలరు ప్రక్కన నిలిచి చూచెను. కొంతసేపటికి చూచుచున్నవారికి వెగటు పుట్టి వెదకుట మానుకొనిరి. ఈ మానుకొనుటను తరువాతివారు సాధారణముగా దాటిపోవుదురు; కాని ఆలోచింపదగినది ఇదియే. నేరము రుజువగుటకు తవ్వినంత చాలును. తవ్వకుండ మిగిలిన గోతులలోనివారు రుజువునకు అక్కఱలేనివారైరి. వారి యిండ్లలో దీపము ముందు కూర్చుండి యెదురుచూచినవారికి ఆ కబురు ఎవరు చెప్పిరి?

న్యాయస్థానముల చిక్కు వేఱు. కంపెనీవారి క్రిమినలు కోర్టులలో నాడు ముస్లిం ధర్మశాస్త్రము ననుసరించి ఫత్వా చెప్పు పద్ధతి యుండెను. నేరములో భాగస్వామియైనవాని సాక్ష్యమునకు అందు విలువ తక్కువ. శవము ఒక జిల్లాలో, సొత్తు మరియొక రాజ్యములో, చచ్చినవాని యూరు ఎచటనో. అభియోగపత్రమున వ్రాయుటకు చచ్చినవాని పేరే లేదు. ఇంగ్లండులో శవము దొరకనిదే హత్యకు శిక్ష వేయుట ప్రమాదమని 17వ శతాబ్దపు న్యాయమూర్తి మాథ్యూ హేల్ హెచ్చరించియుండెను. ఆ హెచ్చరికకు తగిన కారణమున్నది. 1660లో కాంప్డెన్ అను గ్రామమున విలియం హారిసన్ అను ముసలి ఉద్యోగి మాయముకాగా, నౌకరొకడు తన తల్లి, తమ్ముడు, తాను కలిసి చంపితిమని చెప్పెను. శవము దొరకలేదు. మువ్వురిని ఉరితీసిరి. 1662లో హారిసన్ సజీవుడై ఇంటికి వచ్చెను!

స్లీమన్ పద్ధతిలో దీనికి కొంత విరుగుడున్నది. అప్రూవరులను వేఱువేఱుగా నుంచి, వారి వాఙ్మూలములను ఒకదానితో నొకటి సరిచూచెడివారు. ఒకడు చెప్పిన చోట త్రవ్వి, వాడు చెప్పినన్ని తలలు దొరకునో లేదో లెక్కించెడివారు. దొరికిన నగలను, బట్టలను చనిపోయినవారి బంధువులకు చూపి గుర్తింపజేసెడివారు. ఇవి మంచి పద్ధతులే. కాని 1836 నాటి 30వ చట్టము మరియొక అడుగు ముందుకు వేసెను. థగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైన చాలును, ఆ చట్టమునకు ముందైనను పిదపనైనను, కంపెనీ రాజ్యమునకు వెలుపలనైనను సరే, యావజ్జీవ కఠిన శిక్ష వేయవచ్చును. ఫలానావానిని ఫలానాచోట చంపెనని చూపనక్కఱలేదు. శవము అక్కఱ లేకపోయెను. ఒక్కొక్కప్పుడు హత్యయే అక్కఱ లేకపోయెను.

1831 నుండి 1837 వరకు పట్టుబడిన 3266 మందిలో 412 మందిని ఉరితీసిరని, 1059 మందిని ద్వీపాంతరము పంపిరని, 483 మంది అప్రూవరులైరని టెయిలరే లెక్క చెప్పెను. బాటలు నిష్కంటకమైనవనుట నిజము. అయితే ఈ విధానమును నిండు మనస్సుతో మెచ్చుట కష్టము. తన మెడ కాపాడుకొనుటకు ఇతరుల పేర్లు చెప్పువాని మాట ఎంతవరకు నమ్మవచ్చును? పట్టుబడినవారిలో యుద్ధములు ముగిసి కూడు లేక దారిపట్టిన సిపాయిలును, కఱవుచే చెడిన రైతులును ఎందరో యుండిరని, వారందరిని ఒక్క కాళీభక్త సంఘముగా చిత్రించుట అతిశయోక్తి యని ఆధునిక చరిత్రకారులనేకులు వాదించిరి. చేసిన పనినిబట్టికాక, పుట్టిన గుంపునుబట్టి నేరస్థులనుట 1871 నాటి నేరజాతుల చట్టముతో మరింత ముదిరెను. దాని బాధ తెలుగుదేశమున స్టూవర్టుపురమువంటి సెటిల్మెంట్లవారికి బాగుగా తెలియును. అది రద్దగుట 1952లో. ఇండియన్ పీనల్ కోడులో థగ్గులనుగూర్చిన 310, 311 సెక్షన్లు మాత్రము, 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చువరకు పుస్తకమున నిలిచియే యుండెను. శవము దొరకని హత్యలో శిక్ష వేయవచ్చునా అను ప్రశ్నకు మన సుప్రీంకోర్టు 1981లో హిమాచల ప్రదేశపు కేసొకదానిలో సమాధానము చెప్పెను: శవము అత్యవసరము కాదు, కాని మరణము సంభవించినదని సందేహమునకు తావులేని ఇతర సాక్ష్యములచే రుజువు కావలెను. హేల్ భయమును, స్లీమన్ అవసరమును రెండింటిని అందు చూడవచ్చును.

హింగోలి వాఙ్మూలముల సేకరణ ఆరంభమైన 1832లోనే టెయిలరు హైదరాబాదులోని ప్రసిద్ధ సాహుకారు విలియం పామరు కుమార్తె మేరీని వివాహమాడెను. తరువాత జబ్బుపడి స్వదేశమునకు సెలవుపై పోయి, ఆ వాఙ్మూలములను ఆధారము చేసికొని 1839లో ఒక థగ్గు చెప్పుకొనిన కథగా నవల ప్రకటించెను. ఇంగ్లండున దానికి వచ్చిన పేరు ఇంతింతయని చెప్పరాదు. విక్టోరియా రాణి అచ్చు ముగియువరకు ఆగలేక పుటలు తెప్పించుకొని చదివెనందురు. కథానాయకుడు అమీర్ అలీ. అతనికి మూలమైన అప్రూవరు తన చేతిమీదుగా 719 హత్యలు జరిగినవని చెప్పుకొన్నవాడు. గ్రంథము గొప్పదే. కాని అందు హంతకునికి పేరున్నది, బాల్యమున్నది, ప్రేమయున్నది. 719 మందిలో చాలమందికి పేరైనను లేదు. ఇది రచయిత లోపమనుటకన్న అతని ఆధారముల లోపమనుట న్యాయము. చంపినవాడే సాక్షియైనచోట కథయంతయు వానిదే యగును.

1841లో టెయిలరు షోరాపురము చేరి, బాలరాజు వెంకటప్ప నాయకుని పక్షమున ఆ సంస్థానమును 1853 వరకు నడిపెను. చెఱువులు త్రవ్వించెను, బాటలు వేయించెను. బాలరాజు అతనిని అప్పా అని పిలిచెడివాడు. మేరీ 1844లో మరణించెను. 1857 కల్లోలమున టెయిలరు బుల్ఢాణాలో సైన్యము లేకయే జిల్లాను శాంతముగా నుంచెను. మరుసటి యేడు తిరుగుబాటుచేసి పట్టుబడిన వెంకటప్ప నాయకుడు శిక్ష తగ్గి చెంగల్పట్టునకు పోవుచు దారిలో తుపాకితో మరణించుట అతనికి తీరని దుఃఖము.

షోరాపురపు రోజులలోనే అతడు మరల గోతులు త్రవ్వించెను. భీమాతీరమున జేవర్గి మొదలగుచోట్ల రాళ్లు పేర్చిన ప్రాచీన సమాధులున్నవి. వానిని కూలీలచే తోడించి పారవేయక, పొరపొరగా విప్పి, ఏ ఎముక ఏ లోతున, ఏ కుండ ఏ ప్రక్కన నున్నదో కొలిచి పటములు గీసెను. కొన్నింట తల మొండెమునకు వేఱుగా నుండెను. మృతులెవరో, చంపినవారెవరో చెప్పు అప్రూవరు అచట లేడు. సుమారు నూరేండ్ల పిదప పురాతత్త్వవేత్త మార్టిమర్ వీలర్ ఆ పటములను చూచి, కాలమునకు మించిన పనియని ప్రశంసించెను. హింగోలి వాగులో వెగటుపుట్టి మధ్యలో విడచిన త్రవ్వకము నెఱిగినవారికి ఈ ఓపిక మరింత ఆశ్చర్యము గొలుపును.

1860లో ఉద్యోగము విరమించి స్వదేశము చేరినను అతని కలము దక్కను నేలను వదలలేదు. 1863లో తారా నవలను వ్రాసెను. కడపట చాంద్‌బీబీ కథను వ్రాసెను. 1875లో సాలారుజంగు ఆహ్వానముపై హైదరాబాదునకు మరల వచ్చెను. అప్పటికే చూపు తగ్గియుండెను. ఇచటనే అది పూర్తిగా పోయెను. తిరుగు ప్రయాణములో, 1876 మే 13న, ఫ్రాన్సు దేశపు మెంటోను పట్టణమున మరణించెను. స్వీయచరిత్ర మరుసటి సంవత్సరము వెలువడినది. నైరుతి సీమ బాటలప్రక్కన, ఇరువది యేండ్లు నిండకమునుపు తాను చూచిన ఆ గుర్తు తెలియని శవములను అతడు ఆ గ్రంథమున మరువక పేర్కొనెను.