జాన్ స్నో

ఇంగ్లండు దేశమందలి యార్కు నగరమున 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన జాన్ స్నో జన్మించెను. తండ్రి బొగ్గుల కొట్టులో కూలిపని చేయువాడు. తొమ్మిదిమంది సంతానములో స్నో పెద్దవాడు. పదునాలుగవయేట తల్లిదండ్రులు ఆ బాలుని న్యూకాసిల్ పట్టణమున ఒక వైద్యునికడ శిష్యునిగా చేర్చిరి. కొన్ని యేండ్లకు ఆ ప్రాంతపు బొగ్గుగనులలో కలరా వ్యాపించెను. గురువు ఆజ్ఞపై స్నో గని కార్మికులకు సేవచేసెను. ఆ భయంకరవ్యాధి ఆయన కంటబడుట అదియే మొదలు.

1836లో స్నో లండనునకు వచ్చి, కష్టపడి చదివి, 1844లో వైద్యశాస్త్రమున ఎం.డి. పట్టము నందెను. ఆయన యౌవనమున చాలాకాలము మద్యమాంసములు ముట్టలేదు, వివాహమాడలేదు. మత్తుమందు నొసగుటలో ఆయనను మించినవారు లేరని ప్రసిద్ధి కలిగెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవసమయమున క్లోరోఫారము నిచ్చినవాడు ఈ కూలివాని కుమారుడే.

ఆ కాలమున కలరా దుర్గంధపూరితమైన గాలివలన వచ్చునని పండితులు సైతము నమ్ముచుండిరి. స్నో నమ్మలేదు. ఈ రోగము ఊపిరితిత్తులలో గాక ప్రేగులలో ఆరంభమగుచున్నది గదా, కావున విషము నోటిద్వారమున, త్రాగునీటితో లోనికి పోవుచుండవలెనని ఆయన తర్కించెను. 1849లో ఈ విషయమై ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. దానిని ఆదరించినవారు మిక్కిలి తక్కువ.

1854 ఆగస్టు చివరిదినమున లండనులోని సోహో పేటయందు కలరా చెలరేగెను. పదిదినములలో 500 మందికి పైగా మరణించిరి. స్నో మరణముల పట్టిక సంపాదించి, రోగభీతితో జనులు పారిపోవుచున్న ఆ వీధులలో ఇంటింటికి తిరిగెను. మృతులలో పెక్కుమంది బ్రాడ్ వీధిలోని పంపునకు సమీపమున నివసించినవారు. తొలుత ఆయన పరిశీలించిన 83 మరణములలో పది మాత్రమే మఱియొక పంపునకు దగ్గఱగా నుండెను. విచారింపగా, ఆ పదింటిలో ఐదు కుటుంబములు బ్రాడ్ వీధి నీటినే తెప్పించుకొనుచుండెను. మఱి ముగ్గురు ఆ పంపు చెంతనున్న బడికి పోవు పిల్లలు.

చావనివారిని గూర్చియు ఆయన విచారించెను. సమీపమున పేదలను పోషించు శాల యొకటి కలదు. అందలి 535 మందిలో ఐదుగురే మరణించిరి. వారికి వేఱుగా బావి యున్నది. పంపు ప్రక్కనే యున్న బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనివాండ్రలో ఒక్కడును చావలేదు. వారు ఆ పంపునీరు త్రాగుటయే లేదు. ఇక దూరముననున్న హాంప్‌స్టెడ్‌లో నివసించు ఒక వితంతువు ఆ నీటి రుచి మఱువలేక, దినదినము బండిపై సీసాతో తెప్పించుకొనుచుండెను. ఆ పరిసరములలో కలరా లేకున్నను ఆమె కలరాతో మరణించెను.

స్నో ఈ సంగతులు స్థానికాధికారులకు నివేదింపగా, సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడి తీసివేసిరి. ఆ పిడి తీయుటచేతనే వ్యాధి ఆగెనని పలువురు చెప్పుదురు. అది సరికాదు. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టియుండెను. ఆ సత్యమును స్నో దాచలేదు.

పిమ్మట ఆయన ఆ పేట పటమును తీసికొని, ఒక్కొక్క మరణమునకు ఒక్కొక్క నల్లగీత చొప్పున ఆయా యిండ్లచెంత గుర్తించెను. గీతలు బ్రాడ్ వీధి పంపు చుట్టును దట్టముగా క్రమ్మెను. పట్టికలలో కానరానిది పటమున కంటికి గోచరించెను. హెన్రీ వైట్‌హెడ్ అను పాదిరి స్నో వాదమును ఖండింపగోరి స్వయముగా విచారణకు పూనుకొని, తుదకు దానినే బలపఱచెను. పంపునకు మూడడుగుల దూరములోపలనే ఒక మురుగుగుంట యుండెను. దానిలో రోగగ్రస్తమైన యొక శిశువు మలినవస్త్రములు ఉతికిన నీరు పోసిరని ఆయన కనుగొనెను.

ఐనను ప్రభుత్వ పరిశోధకులు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. 1858 జూన్ 16వ తేదీన, నలువదియైదవయేట, స్నో పక్షవాతముచే మరణించెను. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని స్పష్టముగా నిరూపించెను. ఆ జయమును చూచుటకు స్నో లేడు.

2020లో కోవిడ్ ప్రబలినప్పుడు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు కంప్యూటరుపై ప్రపంచపటమును నిలిపి, రోగుల సంఖ్యలను ఎఱ్ఱని వలయములతో చూపిరి. ఒక దేశమును ఎన్నుకొన్నచో దాని లెక్కలు ప్రత్యక్షమగుచుండెను. 2023 మార్చి 10 వరకు ఆ లెక్కలు సేకరించిరి. నల్లగీతలు వలయములైనవి, పద్ధతి స్నో చూపినదే.

బ్రాడ్ వీధికి నేడు బ్రాడ్‌విక్ వీధి యని పేరు. అచ్చట ఆయన జ్ఞాపకార్థము ఒక పంపును నిలిపిరి. దానికి పిడి లేదు.