అఖిల భారత సర్వీసుల రూపశిల్పి సర్దార్ పటేల్

1947 ఏప్రిల్ 21. ఢిల్లీలోని మెట్‌కాఫ్ హౌస్‌లో కొందరు యువకులు సమావేశమయ్యారు. భారత పరిపాలనా సర్వీసు, అంటే ఐ.ఎ.ఎస్.లో శిక్షణ పొందుతున్న తొలి బృందం అది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది. వారినుద్దేశించి ప్రసంగించినవారు తాత్కాలిక ప్రభుత్వంలో హోంశాఖను నిర్వహిస్తున్న సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్. పార్టీ రాజకీయాలకు దూరంగా ఉండాలని, అవినీతిని దరిచేరనీయరాదని, ప్రజలను తమవారిగా భావించి సేవ చేయాలని ఆయన హితవు చెప్పారు. ఆనాటి జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 21న సివిల్ సర్వీసుల దినోత్సవం జరుగుతోంది.

ఆ మాటలు చెప్పిన నాయకుడు తన ప్రజాజీవితంలో అధిక భాగం బ్రిటిష్ అధికార యంత్రాంగంతో పోరాడుతూనే గడిపారు. అదే యంత్రాంగానికి స్వతంత్ర భారతంలో స్థానం ఉండాలని వాదించి గెలిచినవారు కూడా ఆయనే.

1875 అక్టోబరు 31న గుజరాత్‌లోని నడియాద్‌లో పటేల్ జన్మించారు. స్వగ్రామం కరంసద్. సామాన్య రైతు కుటుంబం. ప్లీడరు పరీక్ష ఉత్తీర్ణులై గోధ్రా, బోర్సద్ కోర్టులలో పేరు తెచ్చుకున్నారు. ఇంగ్లండు ప్రయాణానికి తాను చేసుకున్న ఏర్పాట్లను అన్న విఠల్‌భాయ్ కోసం వదులుకొని, 1910లో గానీ తాను వెళ్ళలేకపోయారు. మూడేళ్ళ బారిస్టరు చదువును రెండున్నరేళ్ళలో ముగించి, 1913లో అహ్మదాబాదుకు తిరిగివచ్చారు.

1917లో ఆ నగర పురపాలక సంఘానికి ఎన్నికైనప్పుడు ఆయన మొదట తలపడినది మునిసిపల్ కమిషనరుగా ఉన్న ఐ.సి.ఎస్. అధికారితోనే. ఆ అధికారిని పదవి నుంచి తప్పించేదాకా పటేల్ విశ్రమించలేదు. మరుసటి ఏడాది ఖేడా జిల్లాలో పంటలు పోయిన రైతుల పక్షాన గాంధీజీతో కలిసి శిస్తు నిరాకరణోద్యమం నడిపారు.

1928లో బార్డోలీ సత్యాగ్రహం ఆయనకు సర్దార్ అనే పేరు తెచ్చిపెట్టింది. బొంబాయి ప్రభుత్వం అక్కడి భూమిశిస్తును సుమారు 22 శాతం పెంచగా, రైతులు జప్తులకు వెరవక నిలబడ్డారు. చివరకు ప్రభుత్వం విచారణకు అంగీకరించింది. విచారణాధికారులు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ ఇద్దరూ ఐ.సి.ఎస్. వారే. ఈ బ్రూమ్‌ఫీల్డే 1922లో గాంధీజీకి ఆరేళ్ళ శిక్ష విధించిన న్యాయమూర్తి. వారిరువురూ గ్రామాలు తిరిగి, లెక్కలు పరిశీలించి, పెంపు సమర్థనీయం కాదని తేల్చారు. పెంపు సుమారు ఆరు శాతానికి తగ్గింది. తమను నియమించిన ప్రభుత్వానికే వ్యతిరేకంగా ఇద్దరు అధికారులు నివేదిక ఇచ్చిన సందర్భమది.

అనంతరం పలుమార్లు కారాగారవాసం. క్విట్ ఇండియా ఉద్యమంలో దాదాపు మూడేళ్ళ నిర్బంధం. 1946 సెప్టెంబరులో హోంశాఖ చేపట్టేనాటికి పటేల్‌కు 70 ఏళ్ళు దాటాయి. అప్పటికి పరిపాలన సడలిపోతోంది. ఆంగ్లేయ అధికారులు స్వదేశానికి పయనమవుతున్నారు. తర్వాత దేశ విభజనతో ముస్లిం అధికారులలో అత్యధికులు పాకిస్తాన్‌ను ఎంచుకున్నారు. జిల్లాలకు కలెక్టర్లు, సచివాలయాలకు కార్యదర్శులు కరవయ్యారు.

ఈ పరిణామాన్ని ముందే ఊహించిన పటేల్ 1946 అక్టోబరులో రాష్ట్రాల ప్రధానులను ఢిల్లీకి పిలిపించి సమావేశపరిచారు. ఐ.సి.ఎస్., ఇండియన్ పోలీసు స్థానంలో దేశమంతటికీ వర్తించే రెండు కొత్త సర్వీసులను నెలకొల్పాలన్నది ప్రతిపాదన. తమ అధికారులపై కేంద్రం అజమాయిషీ ఎందుకని కొన్ని రాష్ట్రాలు సందేహించినా, ఐ.ఎ.ఎస్., ఐ.పి.ఎస్. ఏర్పాటుకు అక్కడే ఆమోదం లభించింది.

సంస్థానాల విలీనంతో ఆ అవసరం మరింత పెరిగింది. ఐదువందలకు పైగా సంస్థానాలు భారతదేశంలో చేరాయి. ఒప్పందాలపై సంతకాలు చేయించడం ఒక ఎత్తు, ఆ ప్రాంతాలలో రెవెన్యూ, పోలీసు, ఖజానా వ్యవస్థలను నడిపించడం మరో ఎత్తు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అనంతరం హైదరాబాదులో సైనిక పాలన సాగింది. 1950 జనవరిలో ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె.వెల్లోడి ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఐ.పి.ఎస్. అధికారుల శిక్షణకు మౌంట్ ఆబూలో 1948 సెప్టెంబరు 15న ప్రారంభమైన కళాశాల, తర్వాతి కాలంలో హైదరాబాదుకు తరలివచ్చి నేడు పటేల్ పేరిట జాతీయ పోలీసు అకాడమీగా కొనసాగుతోంది.

అసలు పరీక్ష 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో ఎదురైంది. పాత ఐ.సి.ఎస్. అధికారుల జీతభత్యాలకు, హక్కులకు రాజ్యాంగంలోనే హామీ ఇవ్వాలన్న అధికరణం చర్చకు వచ్చింది. సభ్యులలో పలువురు ఆగ్రహించారు. నిన్నటిదాకా ఉద్యమకారులను జైళ్ళకు పంపినవారికి ఈ రక్షణ ఎందుకన్నది వారి ప్రశ్న. పేద దేశంలో వారికి మాత్రం ప్రత్యేక హక్కులా అన్నది మరో ఆక్షేపణ. విమర్శించినవారిలో తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఒకరు. అనంతర కాలంలో లోక్‌సభ స్పీకరు అయిన ఆయన వాదనను తేలికగా తీసివేయలేము. త్యాగాలు చేసిన తరం సహజంగా వేసిన ప్రశ్న అది.

పటేల్ సమాధానం కటువుగానే సాగింది. విభజన నాటి కల్లోలంలో ఈ అధికారులే రేయింబవళ్ళు పనిచేశారని, వారు లేకపోతే దేశం చెల్లాచెదురయ్యేదని గుర్తుచేశారు. ఇచ్చిన మాట తప్పరాదన్నారు. తన కార్యదర్శులు తన అభిప్రాయానికి విరుద్ధంగా కూడా నిర్భయంగా రాయవచ్చునని, భయంతో నిజం దాచే అధికారి తనకు అక్కరలేదని స్పష్టం చేశారు. మనసులోని మాట చెప్పగల స్వేచ్ఛ ఉన్న అఖిల భారత సర్వీసు లేకుంటే ఐక్య భారతం నిలవదన్నది ఆయన వాదన సారాంశం. సభ ఆ అధికరణాన్ని ఆమోదించింది. రాజ్యాంగంలో అది 314వ అధికరణమైంది. 312వ అధికరణం ఐ.ఎ.ఎస్., ఐ.పి.ఎస్.లను పార్లమెంటు ఏర్పరచిన సర్వీసులుగానే పరిగణించింది.

1950 డిసెంబరు 15న బొంబాయిలో పటేల్ కన్నుమూశారు. ఆయన కోరిన వ్యవస్థకు శాసన రూపమిచ్చిన అఖిల భారత సర్వీసుల చట్టం 1951 అక్టోబరు 29న వెలువడింది. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం అది. రాష్ట్రాలను సంప్రదించి, నియామకాలకు, సర్వీసు షరతులకు నియమాలు రూపొందించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆ నియమాలను పార్లమెంటు ముందుంచాలని నిర్దేశించింది. అధికారి పనిచేసేది రాష్ట్రంలో, అయితే ఉద్యోగం నుంచి తొలగించే అధికారం మాత్రం కేంద్రానిది. స్థానిక ఒత్తిడికి లొంగకుండా నిలిచేందుకు ఈ ఏర్పాటు అండగా ఉంటుందన్నది ఆశయం. 1966లో అటవీ సర్వీసు కూడా ఈ కోవలో చేరింది.

పాత ఐ.సి.ఎస్. వారికి ప్రత్యేక రక్షణ కల్పించిన 314వ అధికరణాన్ని 1972లో 28వ రాజ్యాంగ సవరణ తొలగించింది. ఆ మేరకు నాటి విమర్శకుల అభీష్టం నెరవేరినట్లే. సర్వీసులు మాత్రం నిలిచాయి. అయితే బదిలీలపైన, రాజకీయ జోక్యంపైన, కేంద్ర రాష్ట్రాల మధ్య అధికారుల పంపకంపైన వివాదాలు నేటికీ సమసిపోలేదు. పటేల్ కోరిన స్వేచ్ఛను చట్టం కొంతవరకే కాపాడగలదు. నిర్భయంగా సలహా చెప్పే అధికారి, దానిని ఓర్పుతో వినే మంత్రి ఇద్దరూ ఉన్నప్పుడే ఆ స్వేచ్ఛ సార్థకమవుతుంది.