తుఫానుకు పేరు పెట్టిన ఓడ కెప్టెన్ - హెన్రీ పిడింగ్టన్

ఫోన్‌లో తుఫాను హెచ్చరిక వస్తే మనలో చాలామందిమి ఒకసారి చూసి పక్కన పడేస్తాం. 2007 జూన్‌లో గోను తుఫాను ఒమన్ తీరాన్ని ముంచెత్తిన రోజులు గుర్తున్నవాళ్లు మాత్రం అలా పడేయరు. ఆ హెచ్చరికలో కనబడే సైక్లోన్ అనే మాటను పుట్టించిన మనిషి గురించి ఈ ఏడాది చెప్పుకుందాం.

ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. 1797లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో పుట్టాడు. వర్తక ఓడల్లో పనిచేసి కెప్టెన్ అయ్యాడు, ఆ తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. మనలాగా కూలికి వచ్చినవాడు కాదు, కంపెనీ దొరల కాలంలో వచ్చిన ఇంగ్లీషువాడు. కానీ ఓడ మీద బతుకు ఎలా ఉంటుందో, గాలి తిరగబడితే ఎంతమంది ప్రాణాలు పోతాయో ఆయనకు బాగా తెలుసు. కలకత్తాలో ఓడ ప్రమాదాల మీద విచారణ జరిపే కోర్టుకు అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు.

తుఫాను గాలి తిన్నగా వీయదు, సుడి తిరుగుతుంది అని అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అనే ఆయన అప్పటికే గమనించాడు. 1838లో విలియం రీడ్ అనే సైనిక అధికారి దాని మీద పెద్ద పుస్తకం రాశాడు. అది చదివిన పిడింగ్టన్, బంగాళాఖాతంలో కూడా ఇలాగే జరుగుతుందా అని తేల్చుకోవాలనుకున్నాడు.

ఆయన దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. ఉన్నవల్లా ఓడల లాగ్ పుస్తకాలే. ఏ గంటకు గాలి ఎటునుంచి వీచింది, బారోమీటర్ ఎంత పడింది అని ఓడవాళ్లు రోజూ రాసుకునే లెక్కలవి. తుఫానులో చిక్కిన ఓడల లాగ్‌లన్నీ సేకరించి, ఒక్కో ఓడనూ మ్యాపు మీద గుర్తుపెట్టేవాడు. ఒక్క ఓడ లాగ్ చూస్తే ఒక గాలే తెలుస్తుంది. పది ఓడలవి పక్కపక్కన పెడితే సుడి మొత్తం కనబడుతుంది.

ఆయన అలా పరిశీలించిన మొదటి తుఫానుల్లో ఒకటి మనదే. 1839 నవంబరు 25న కాకినాడ దగ్గర కోరంగి రేవును సముద్రం ముంచేసింది. బర్మాకీ మారిషస్‌కీ మన పూర్వీకులు ఓడెక్కిన రేవు అది. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచింది ఆ ఊరి పేరు మీదే. ఆ దెబ్బ తర్వాత కోరంగి మళ్లీ మునుపటిలా కోలుకోలేదు.

1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ తుఫానులో పడింది. గాలి ఎటు తోస్తే అటు అయిదు రోజులు పరిగెత్తింది. ఆ లాగ్‌ను పిడింగ్టన్ మ్యాపు మీద గీసి చూస్తే, ఓడ తుఫాను చుట్టూ అయిదుసార్లు గిరగిరా తిరిగింది!

1848లో నావికుల కోసం ఒక పుస్తకం అచ్చువేశాడు. పండితులకు కాదు, మామూలు ఓడవాళ్లకు అర్థమయ్యేలా రాశాడు. పాము చుట్టలాంటి సుడి అనే అర్థం వచ్చేలా, గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పేరును అందులోనే పెట్టాడు. కొమ్మును అద్దంలా పల్చగా చేసిన రెండు రేకులు కూడా ఆ పుస్తకంతో ఇచ్చాడు. భూమధ్యరేఖకు ఉత్తరాన సుడి ఎడమవైపుకి, దక్షిణాన కుడివైపుకి తిరుగుతుంది కాబట్టి రెండు కావాలి. రేకును మ్యాపు మీద పెట్టి తమ దగ్గర వీచే గాలితో సరిచూసుకుంటే, తుఫాను నడిబొడ్డు ఎటుందో, ఓడను ఎటు తిప్పాలో తెలిసిపోతుంది.

కలకత్తాకు దిగువన సుందరబన్‌లో, మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. అక్కడ వద్దు, తుఫాను వస్తే ఉప్పెన ఊరిని తుడిచేస్తుంది అని 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఎవరూ వినలేదు. 1858లో ఆయన చనిపోయాడు. పోర్ట్ కానింగ్ అనే పేరుతో రేవు కట్టారు. 1867 నవంబరు 1న తుఫాను వచ్చి దాన్ని ధ్వంసం చేసింది. కొన్నేళ్లకే ఆ రేవును వదిలేశారు.

ఈలోగా 1864 అక్టోబరులో కలకత్తాలో, నవంబరు 1న మన మచిలీపట్నంలో వేలకు వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

ఈ చదువంతా ఓడల్లో ఉద్యోగం చేసేవాళ్లు రాసిన లెక్కల మీద నిలబడింది. తాము చూసింది రాసిపెట్టారు, అది పదిమందికీ పనికొచ్చింది. మనమూ ఒక చిన్న పని చేద్దాం. హెచ్చరిక అరబ్బీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. చదవగలిగినవాళ్లు రూములో అందరికీ తెలుగులో చెప్పండి. వాదీల్లో, సముద్రం పక్క సైట్లలో పనిచేసే అన్నదమ్ములకు ముందు ఫోన్ చేయండి. చెప్పేవాడు ఉన్నా వినేవాడు లేకపోతే ఏమవుతుందో పోర్ట్ కానింగ్ చెబుతుంది.