ఇల్లెందు బొగ్గు నుంచి ఈవీ చార్జర్ దాకా: విలియం కింగ్ కథ

గ్రూప్స్‌కో, సింగరేణి పోస్టులకో ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఈ బిట్ మీకు ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త ఎవరు? జవాబు డాక్టర్ విలియం కింగ్, సంవత్సరం 1871. బబుల్ దిద్దేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం.

ఈసారి కాసేపు ఆగండి. ఈయన జీవితం, ఆ బొగ్గు నడిచిన దారి తెలిస్తే ఎలక్ట్రిక్ వాహనాల మీద ఇప్పుడు జరుగుతున్న గొడవలు చాలా తేలిగ్గా అర్థమవుతాయి. పైగా మీ హాస్టల్ బయట చార్జింగ్ పెట్టిన స్కూటర్‌కీ ఈయనకీ నేరుగా సంబంధం ఉంది. మన దేశంలో తయారవుతున్న కరెంట్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది.

రాళ్లు చదివే ఇల్లు

కింగ్ 1833లో పుట్టారు. తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండ్‌లోని గాల్వే క్వీన్స్ కాలేజీలో భూగర్భ శాస్త్ర ప్రొఫెసర్. నియాండర్తాల్ మానవుణ్ని వేరే జాతిగా గుర్తించి, శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. అలాంటి ఇంట్లో పెరిగిన కొడుక్కి రాళ్లు, శిలాజాలు చిన్నప్పటి నుంచే పరిచయం.

1857లో ఆయన భారత భూగర్భ సర్వే సంస్థలో, అంటే మనం జీఎస్ఐ అని పిలిచే సంస్థలో చేరారు. దేశమంతా తిరుగుబాటుతో అట్టుడుకుతున్న ఏడాది అది. సంస్థకు అప్పటికి ఆరేళ్లే. దాన్ని పెట్టిన ముఖ్య కారణాల్లో బొగ్గు వెతకడం ఒకటి. స్టీమర్లకు, కొత్తగా వస్తున్న రైళ్లకు ఇంధనం కావాలి. బెంగాల్ బొగ్గు దక్షిణానికి దూరం. ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే ఖర్చు తడిసి మోపెడు.

కింగ్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపారు. అప్పటి ఫీల్డ్ ఉద్యోగం ఎలా ఉండేదో ఊహించుకోండి. వానలు వెళ్లాక బయల్దేరాలి. గుర్రం మీదో కాలినడకనో తిరుగుతూ, డేరాల్లో పడుకుంటూ ఎండలు ముదిరే దాకా పని చేయాలి. వానాకాలమంతా ఆఫీసులో కూర్చుని మ్యాపులు గీయాలి, రిపోర్టులు రాయాలి. 1863లో ఆయన, సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్ కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నారు. తర్వాత కింగ్ కడప, కర్నూలు రాతిపొరలను ఏళ్ల తరబడి చదివి 1872లో పెద్ద గ్రంథమే వెలువరించారు. కడప బేసిన్ గురించి ఇప్పటికీ జియాలజీ విద్యార్థులు చదివే పాఠానికి పునాది అక్కడే పడింది.

అడవిలో మండిన రాయి

ఇల్లెందు వైపు ఓ కథ చెప్పుకుంటారు. భద్రాచలం రాముడి దర్శనానికి నడిచి వెళ్తున్న యాత్రికులు దారిలో మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టారట. కాసేపటికి పొయ్యి రాళ్లే అంటుకున్నాయట. ఆ వార్త ఆ నోటా ఈ నోటా అధికారుల దాకా చేరిందట. ఇది జనం నోట నిలిచిన కథ. ఇల్లెందుకు బొగ్గుట్ట అన్న పేరు కూడా అలాగే నిలిచింది.

రికార్డుల్లో ఉన్న కథ ఇంకాస్త నెమ్మదిగా నడుస్తుంది. గోదావరి లోయలో బొగ్గు ఉండొచ్చని సర్వే వాళ్లు ముందు నుంచే అనుకుంటున్నారు. గోదావరికి అవతల ఉన్న భద్రాచలం అప్పటికే బ్రిటిష్ పాలనలోకి వెళ్లింది. ఇవతల ఇల్లెందు, సింగరేణి గ్రామాలు నిజాం రాజ్యంలో ఉన్నాయి. దట్టమైన అడవి. మన్యం జ్వరం ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. మలేరియాకు దోమే కారణమని సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ తేల్చింది 1897లో.

1871లో ఈ అడవిలో కింగ్ బొగ్గు పొరలను గుర్తించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ రాజ్యపు ఆగ్నేయ భాగంలో కొత్త బొగ్గు క్షేత్రం ఉందంటూ సర్వే పత్రికలో ప్రకటించారు. అంతటితో వదల్లేదు. ప్రాణహిత–గోదావరి లోయ మొత్తం మీద ఆయన రాసిన గ్రంథం 1881లో వచ్చింది. అంటే ఒక్క బొగ్గు ముక్క దొరికిన చోటు నుంచి లోయ మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి పదేళ్లు పట్టింది.

దొరికాక పద్దెనిమిదేళ్లు

ఇక్కడ మీరు గమనించాల్సిన అంకె ఒకటుంది. బొగ్గు దొరికింది 1871లో. ఇల్లెందులో తవ్వకం మొదలైంది 1889లో. మధ్యలో పద్దెనిమిదేళ్లు. డబ్బు కావాలి, హక్కులు కావాలి, అన్నిటికంటే ముందు రైలు కావాలి. అడవిలో ఉన్న బొగ్గును ఎడ్లబండి మీద ఎంతని తోలతారు?

1886లో హక్కులు లండన్‌లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ చేతికి వెళ్లాయి. వెంటనే పెద్ద కుంభకోణం బయటపడింది. కంపెనీ షేర్లను ఎవరికి ఎలా కట్టబెట్టారు, నిజాం ప్రభుత్వం చేత ఏ ధరకు కొనిపించారు అన్న దాని మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. నిజాం సర్కారు ఉన్నతాధికారి అబ్దుల్ హక్ పదవి పోగొట్టుకున్నారు. బొగ్గు ఇంకా సరిగా బయటికి రాకముందే లాభాల పంచాయితీ లండన్ చేరిందన్నమాట.

ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది. కింగ్ మాత్రం 1887లో జీఎస్ఐకి అధిపతి అయ్యారు. 1894లో రిటైరయ్యారు. 1900లో కన్నుమూశారు. ఆయనకు గుర్తుగా ఇక్కడి ప్రధాన బొగ్గు పొరకు కింగ్ సీమ్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ ఇండియాలో గనుల భద్రత కోసం చట్టం వచ్చింది 1901లో, ఆయన పోయిన మరుసటి ఏడాది.

ఇప్పుడు వరుస చూడండి. ముందు ఖనిజం దొరికింది. తర్వాత డబ్బు గొడవ, ఆ తర్వాత రవాణా, ఎప్పటికో భద్రత చట్టం. ఈవీల కథ ఇదే దారిలో నడుస్తోంది.

అదే వరుస, కొత్త వాహనం

మొదట ఖనిజం. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం నిక్షేపం ఉందని ప్రకటన వచ్చింది. కనిపెట్టింది కింగ్ పనిచేసిన జీఎస్ఐయే. ఇక బ్యాటరీలన్నీ మనవే అన్నట్టు పోస్టులు తిరిగాయి. అయితే అది తొలి దశ అంచనా మాత్రమే. ఆ మట్టి నుంచి లాభసాటిగా లిథియం తీయగలమా అన్నది తర్వాతి ప్రశ్న. వేలం పెడితే తగినన్ని కంపెనీలు ముందుకు రాలేదు. 1871కీ 1889కీ మధ్య దూరం గుర్తుంటే ఇది ఆశ్చర్యమనిపించదు.

రెండోది డబ్బు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన ఫేమ్–2 పథకం కింద ఈవీలకు వేల కోట్ల సబ్సిడీ ఇచ్చింది. విడిభాగాలు దేశంలోనే తయారు చేయాలన్న నిబంధన పాటించకుండా సబ్సిడీ తీసుకున్నారంటూ 2023లో కొన్ని కంపెనీలను డబ్బు వెనక్కి కట్టమన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో తెచ్చిన పాలసీతో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. రాయితీ ఉన్నంత కాలం అమ్మకాలు ఊపందుకోవడం, తగ్గితే నీరసపడటం మామూలే. ఈ రంగంలో ఉద్యోగంలో చేరే ముందు ఆ కంపెనీ సబ్సిడీ లేకుండా నిలబడగలదా అని చూసుకోవడం మీ పని.

మూడోది భద్రత. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే ఏఐఎస్–156 బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించారు. అవి 2022 డిసెంబర్, 2023 మార్చి దశల్లో అమల్లోకి వచ్చాయి. ముందు ప్రమాదం, తర్వాత చట్టం. గనుల్లోనూ అంతే జరిగింది.

బొగ్గుతో నడిచే ఈవీ శుభ్రమైనదేనా?

అందరూ వాదించుకునే ప్రశ్న ఇదే. కింగ్ ఊళ్లోనే కూర్చుని లెక్క వేద్దాం. ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ 100 కిలోమీటర్లకు సుమారు 3 యూనిట్లు తాగుతుందనుకోండి. చార్జింగ్‌లో, లైన్లలో పోయేది కలిపితే పవర్ ప్లాంట్ దగ్గర 4 యూనిట్లు తయారు చేయాలి. అదంతా బొగ్గు కరెంటే అయితే యూనిట్‌కు దాదాపు కిలో చొప్పున 4 కిలోల కార్బన్ డయాక్సైడ్. సోలార్, జల విద్యుత్తు కూడా కలిసే మన గ్రిడ్ సగటుతో చూస్తే 3 కిలోల దగ్గర ఆగుతుంది. లీటర్‌కు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ స్కూటర్ అదే దూరానికి 2.2 లీటర్లు కాల్చి దాదాపు 5 కిలోలు వదులుతుంది.

కాబట్టి బొగ్గు కరెంట్‌తోనూ ఈవీదే పైచేయి. కానీ ప్రకటనల్లో చెప్పినట్టు సున్నా కాదు. బ్యాటరీ తయారీలో వెలువడేది ఈ లెక్కలో లేదు. అది తీరాలంటే బండి కొన్ని వేల కిలోమీటర్లు తిరగాలి. ఇంకో సంగతి. ఖమ్మం బజారులో తగ్గిన పొగ పూర్తిగా మాయం కాలేదు. కొంత పాల్వంచ, మణుగూరు చిమ్నీలకు మారింది. బూడిద పీల్చేది అక్కడివాళ్లు.

అందుకే ప్లాంట్ ఎలాంటిదన్నది ముఖ్యం. మణుగూరు దగ్గరి 1,080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంట్‌ను పాత సబ్‌క్రిటికల్ టెక్నాలజీతో ఎందుకు కట్టారన్న విమర్శ ఇప్పటికీ ఉంది. ఒక్కో యూనిట్‌కు ఎక్కువ బొగ్గు కాలడమే దానికి కారణం. మరోవైపు పాల్వంచ కేటీపీఎస్‌లో మూతపడ్డ పాత యూనిట్ల ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. ఇల్లెందులో, మణుగూరులో సింగరేణి సంస్థే సోలార్ ప్లాంట్లు పెట్టింది. గ్రిడ్ మారే కొద్దీ, ఇవాళ కొన్న స్కూటరే రేపు ఇంకాస్త శుభ్రంగా నడుస్తుంది. పెట్రోల్ బండికి ఆ వీలు లేదు.

నేల మీద ఉన్నవాళ్లు

నేల కింద ఏముందో చెప్పడం కింగ్ ఉద్యోగం. ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారన్నది అప్పట్లో ఎవరూ పెద్దగా అడగలేదు. ఇది కోయల అడవి, ఏజెన్సీ ప్రాంతం. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు చెల్లవని సుప్రీంకోర్టు సమతా కేసులో తేల్చింది 1997లో. అంటే కింగ్ ఇక్కడ తిరిగిన 126 ఏళ్లకు. లిథియం, నికెల్, కోబాల్ట్ కోసం రేపు ఏ కొండ తవ్వినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

చార్జర్ల విషయంలోనూ ఈ అంచు ప్రాంతానిది చివరి వరుసే. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారి. గాలివానకు కరెంట్ పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. హైదరాబాద్‌లో ఈవీ కొనేవాడికి రేంజ్ ఒక అంకె మాత్రమే. చర్లలో ఆటో నడిపేవాడికి అది ఆ రోజు కూలి.

మరి మీ సంగతి?

కింగ్ కథలో ఉద్యోగాలు బొగ్గు దొరికిన రోజు రాలేదు. రైలు వేసేటప్పుడు, గని తవ్వేటప్పుడు, భద్రత చూసేటప్పుడు వచ్చాయి. ఈవీల్లోనూ అంతే. మోటార్ డిజైన్ ఒక్కటే ఈవీ ఉద్యోగం కాదు.

జియాలజీ, జియోఫిజిక్స్, కెమిస్ట్రీలో పీజీ చేస్తుంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయండి. కింగ్ చేసిన ఉద్యోగానికి ఇప్పటి దారి అదే. జీఎస్ఐ శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లు పవర్ ఎలక్ట్రానిక్స్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, టెస్టింగ్ మీద పట్టు పెంచుకోండి. కెమికల్, మెటలర్జీ వాళ్లకు సెల్ తయారీ ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెడుతున్న ప్లాంట్‌ను గమనిస్తూ ఉండండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలతో రీసైక్లింగ్ తయారీదారుల బాధ్యత అయింది కాబట్టి అక్కడా మనుషులు కావాలి. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు చార్జర్ల ఏర్పాటు, సర్వీసింగ్ ఉన్నాయి. భద్రాచలం దారిలో చార్జర్ చెడిపోతే హైదరాబాద్ నుంచి మనిషి వచ్చే దాకా బండి ఆగకూడదు కదా.

నాన్న సింగరేణిలో పని చేస్తుంటే, ఈవీలు వస్తే బొగ్గు ఏమవుతుందన్న భయం మీ ఇంట్లో ఉండొచ్చు. చార్జింగ్ పెరిగితే కొన్నేళ్లు కరెంట్ వాడకం పెరుగుతుంది, దాంతో బొగ్గు అవసరమూ ఉంటుంది. కానీ మీ ఉద్యోగం ముప్పై ఏళ్లకు పైగా సాగాలి. అన్నేళ్లూ కింగ్ సీమ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం కుదరదు. కింగ్ కూడా ఒక్క బొగ్గు పొర దగ్గర ఆగిపోలేదు, లోయ మొత్తం తిరిగి చూశారు. ఈసారి ఆ బిట్ కనిపిస్తే బబుల్ దిద్దండి. పరీక్ష అయ్యాక ఈ రంగంలో ఖనిజం నుంచి చార్జర్ దాకా ఏ మెట్టు మీకు సరిపోతుందో ఒక కాగితం మీద రాసుకోండి.