డిగ్రీ ఇయ్యలేదు.. గాయం ఎట్ల మానుతదో సూపెట్టిండు

కీసర మండలంల ఏ ఊరికన్న పోండ్రి. ఉప్పల్ దిక్కో నాచారం దిక్కో దవాఖాన్ల కడుపు ఆపరేషన్ చేయించుకొని మనిషి ఇంటికొచ్చిండంటె, సూడొచ్చినోళ్లంత ఒక్కటే చెప్తరు. పప్పు పెట్టొద్దట, చీము పడ్తదట. గుడ్డు బంద్, కూర బంద్. ఉత్త అన్నం, చారు. కుట్ల కాడ జర ఎర్రగైతే చాలు, షాపుల గోలీ తెచ్చి ఇప్పి, పొడి గాయం మీద సల్లుతరు. గీ రెండూ తప్పే. ఎందుకు తప్పో తెల్వాలంటె మన తెలుగోడే అయిన యల్లాప్రగడ సుబ్బారావు బతుకు సూడాలె.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంల పుట్టిండు. సదువుల అందరికన్న ముందుండే పోరడేం గాదు, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిండు. తోడబుట్టినోళ్లిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతోని కొద్ది రోజుల తేడాతోనే సచ్చిపోయిన్రు. తనకు సుత గదే జబ్బొస్తె, ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతోని బతికి బయటపడ్డడు. మందు కనిపెట్టాలన్న పట్టుదల గా సావులు సూసినంకనే గట్టిపడ్డది.

మద్రాస్ మెడికల్ కాలేజీల సదివేటప్పుడు గాంధీ పిలుపు ఇన్నడు. విదేశీ బట్ట ఇడిసిపెట్టి, ఆపరేషన్ థియేటర్లకు ఖద్దరు కోటు ఏసుకొని పోయిండు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు గది గిట్టలేదు. పరీక్షలు మంచిగనే రాసినా ఎంబీబీఎస్ ఇయ్యలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ చేతుల పెట్టిన్రు. కోటు బట్ట సూసి సదువుకు ఎల కట్టిన్రన్నట్టు.

1923ల అమెరికాల బోస్టన్‌కు చేరిండు. పైసలు లేక దవాఖాన్ల పోర్టర్ పని చేసిండు, రోగుల పాయఖాన గిన్నెలు కడిగిండు. పొద్దుగాల హార్వర్డ్ ల్యాబు. ఆడ్నే ఫిస్కేతోని కలిసి రక్తంల ఫాస్ఫరస్ లెక్కగట్టే పద్ధతి తెచ్చిండు. 1929ల ఏటీపీని బయటపెట్టిన్రు. అదే యేడు జర్మనీల లోమన్ సుత దాన్ని పట్టిండు. ఒంట్ల ఏ పని నడవాలన్నా ఖర్చయ్యే శక్తి గదే.

ఇగ గాయం ముచ్చటకొద్దాం. డాక్టర్ కుట్లేస్తె చర్మం అంచులు దగ్గరికొస్తయి, అంతే. అతికేది ఒళ్లే. ముందుగాల రక్తం గడ్డ కడ్తది, క్రిములను తినే కణాలొస్తయి, తర్వాత కొత్త కణాలు పుట్టి కొల్లాజెన్ అనే పీచు అల్లుతయి. కడుపు మీద కుట్లు వారం, పది రోజులకు ఇప్పినా, అప్పటికి గాయానికి అసలు బలంల పదో వంతు సుత రాదు. మూడు నెలలకు 80 శాతం దాంక వస్తది. బరువులు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పేది గందుకే.

గా అల్లే పనికి శక్తి గావాలె, పీచుకు ప్రోటీన్ గావాలె, కణం రెండు కణాలు గావాలంటె ఫోలిక్ యాసిడ్ గావాలె. 1940ల సుబ్బారావు లెడర్లే కంపెనీల చేరిండు. ఆడ ఆయన నడిపిన బృందమే 1945ల ఫోలిక్ యాసిడ్ తయారుచేసే తొవ్వ పట్టింది. గది ఏండ్ల ఉంటది? పప్పుల, పాలకూరల. మనం బంద్ పెట్టేది సుత గా పప్పే. చీము పట్టేది క్రిములతోని, పప్పుతోని కాదు.

క్రిముల సంగతి సుత ఆయన ఇడిసిపెట్టలేదు. ఆయన కింద పనిచేసిన డగ్గర్, డెబ్బై దాటిన పెద్దమనిషి, మట్టిల దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీసిండు. 1948ల బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ మందులల్ల మొదటిది గదే. పెన్సిలిన్‌కు లొంగని క్రిములు ఎన్నో దానికి లొంగినయి. ఇయ్యాల మనం గసొంటి మందునే పొడి జేసి గాయం మీద సల్లుతున్నం, రెండు రోజులేసుకొని ఆపుతున్నం. సగం మందు తిని బతికిన క్రిమి మొండిదైతది. రేపు నిజంగ అక్కరొచ్చినప్పుడు మందు పనిజెయ్యదు.

బోదకాలు రాకుండ ఊర్లల్ల ఏటా పంచే డీఈసీ గోలీ సుత సుబ్బారావు బృందం తెచ్చిందే. గిన్ని జేసినా పేరు కోసం ముందుకు రాలేదు. దేశం ఇడిసిపోయినోడు మల్ల ఇంటికి రాలేదు, పెండ్లాం శేషగిరి ఎదురుసూపుల్నే ఉండిపాయె. 1948 ఆగస్టుల 53 ఏండ్లకే పోయిండు. మన సర్కార్ ఆయన మీద పోస్టల్ స్టాంపు తెచ్చింది 1995ల, అంటే పుట్టి నూరేండ్లయినంక.

తమ్ముడూ, చెల్లే, ఇంట్ల ఎవలికన్న ఆపరేషన్ అయితె పథ్యం సంగతి డాక్టర్‌నే అడుగుండ్రి. షుగర్, కిడ్నీ జబ్బులున్నోళ్లకు లెక్క ఏరే ఉంటది. డాక్టర్ వద్దనకుంటె పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టుండ్రి. రాసిన మందు రాసినన్ని రోజులు ఎయ్యుండ్రి. గాయం ఎర్రబడి, చీము గారి, జరమొస్తె షాపుకు గాదు, కుట్లేసిన డాక్టర్ కాడికే తీస్కపోండ్రి. అమ్మమ్మ ఎందుకని అడిగితె సుబ్బారావు కథ చెప్పుండ్రి.