స్కేల్స్ వాయించమన్న మాస్టారు

ఇంటర్వ్యూలో ప్రాజెక్టుల గురించి గలగలా మాట్లాడి, ఒక చిన్న ప్రోగ్రామ్ రాయమనగానే మీరెప్పుడైనా బిగుసుకుపోయారా? నాకు జరిగింది. రెజ్యూమెలో నాలుగు ఫ్రేమ్‌వర్కులు ఉన్నాయి. లింక్డ్ లిస్ట్‌ను తిరగేయమంటే మాత్రం చెమటలు పట్టాయి. ఇంటికొచ్చాక ఫస్టియర్ పుస్తకం తెరవాలంటే నామోషీ అనిపించింది. మీకూ అలా అనిపిస్తుంటే కార్ల్ చెర్నీ గురించి తెలుసుకోండి.

చెర్నీ 1791లో వియన్నాలో పుట్టాడు. తండ్రి పియానో టీచర్. ఇంట్లోనే నేర్చుకుని, తొమ్మిదేళ్లకే మోజార్ట్ కాన్చెర్టోను కచేరీలో వాయించాడు. ఆ తర్వాత తండ్రి అతణ్ని బీథోవెన్ దగ్గరికి తీసుకెళ్లాడు. పిల్లాడి ప్రతిభ బీథోవెన్‌కు నచ్చింది, శిష్యుడిగా తీసుకున్నాడు. కానీ మొదటి పాఠాల్లో నేర్పిందేంటో తెలుసా? ఉత్త స్కేల్స్. అంటే మన సంగీతంలో సరళీ స్వరాల్లాంటివి. చెయ్యి ఎలా పెట్టాలి, బొటనవేలు ఎలా వాడాలి... అంతే. కచేరీ చేసొచ్చిన పిల్లాడు మళ్లీ ఓనమాలు దిద్దాడు.

పెద్దయ్యాక, 1812లో, బీథోవెన్ 'ఎంపరర్' కాన్చెర్టోను వియన్నాలో మొదటిసారి వాయించింది చెర్నీయే. అయినా ఊరూరా తిరిగే కచేరీ జీవితం తనకు పడదని గ్రహించి, పాఠాలు చెప్పడాన్నే వృత్తిగా ఎంచుకున్నాడు. అది పదిహేనేళ్ల వయసులోనే మొదలైంది. కొన్నేళ్లపాటు రోజుకు పన్నెండు గంటల దాకా పాఠాలు చెప్పాడు.

1819లో ఒక తండ్రి తన కొడుకుని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికొచ్చాడు. పిల్లాడు కుర్చీలో ఊగిపోతూ వాయిస్తున్నాడు. వేళ్లు ఎక్కడ పడితే అక్కడ పడుతున్నాయి. ప్రతిభ మాత్రం మామూలుది కాదు. అతని పేరు ఫ్రాంజ్ లిస్ట్. తర్వాత ఆ కుటుంబం వియన్నాకు మారాక చెర్నీ పాఠాలు మొదలుపెట్టాడు. ఏం నేర్పాడో మీరే ఊహించగలరు. స్కేల్స్, లయ, వేళ్ల క్రమం! పిల్లాడికి విసుగొచ్చింది. మాస్టారు వదల్లేదు. కొన్ని పాఠాలయ్యాక ఫీజు తీసుకోవడం కూడా మానేశాడు.

యూరప్‌ను ఉర్రూతలూగించిన పియానిస్టుగా ఎదిగాక కూడా లిస్ట్ ఆ రోజుల్ని మరచిపోలేదు. అత్యంత కష్టమైనవని పేరున్న తన పన్నెండు ఎట్యూడ్లను, 1852లో వచ్చిన ప్రచురణలో, చెర్నీకే అంకితమిచ్చాడు. 1857లో చెర్నీ కన్నుమూశాడు. వేళ్లకు వేగం నేర్పే ఆయన అభ్యాసాలను పియానో విద్యార్థులు ఇప్పటికీ తిట్టుకుంటూనే సాధన చేస్తున్నారు.

చూశారుగా, వెనక్కి వెళ్లమన్నది చేతకానివాళ్లను కాదు, అందరికంటే ప్రతిభ ఉన్నవాళ్లనే. నేను ఆ ఫస్టియర్ పుస్తకం తెరిచాను. రెండు నెలలు పట్టింది. తర్వాతి ఇంటర్వ్యూలో కూడా భయమేసింది, కానీ చెయ్యి ఆగలేదు. మీ బ్రాంచ్ ఏదైనా సరే, మీరు దాటేసి వచ్చిన మొదటి చాప్టర్ ఏదో మీకు తెలుసు. ఈ రాత్రికి దాన్ని తెరవండి.